చదువు నడుమ నొక యేడు
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)

   

 విద్యయొక్క గొప్పతనమును గూర్చి యీ వేదికపై నాకంటె పెద్దలు పలుమారు ప్రసంగించియున్నారు. కావున విద్య మంచిదని నేను మరల చెప్పబోను. కళాశాలలో చేరిన పిల్లవాడు నడుమ నొక యేడు చదువు నిలిపి, పనిలో చేరి, తన దారిని మరల ఆలోచించుకొనవలసి వచ్చినప్పుడు తల్లిదండ్రులమైన మనమును, మన సంఘమును ఏమి చేయవలెను? ఈ యొక్క ప్రశ్నను మాత్రమే మీ సన్నిధిని ఉంచుచున్నాను.

ఈ విషయమును నేనై యెన్నుకొనుటకు కారణము కలదు. అది నా తప్పిదమునకు సంబంధించినది. దానిని దాచుట న్యాయము కాదు. మూడేండ్ల క్రిందట మన విద్యార్థి సహాయనిధికి వచ్చిన దరఖాస్తులను పరిశీలించిన ఉపసంఘమున నేనొక సభ్యుడను. ఇంజనీరింగు మూడవ సంవత్సరము చదువుచున్న ఒక బాలుని దరఖాస్తు మా యెదుటికి వచ్చెను. తండ్రి గుంటమగ్గము నేయువాడు. నడుము నొప్పిచే ఆయన మగ్గమున కూర్చుండలేకపోయినందున ఇల్లు గడచుట కష్టమయ్యెను. బాలుడు రెండవ సంవత్సరము ముగియగానే చదువు నిలిపి, హైదరాబాదులో నొక సరకుల గిడ్డంగిలో పనికి కుదిరి, యేడాదిపాటు మూటలు ఎత్తి, చీటీలు అంటించి, ఇంటి అప్పు తీర్చి, మరల కళాశాలలో చేరెను. మన నియమావళిలో "చదువు ఎడతెగక సాగుచుండవలెను" అని యొక నిబంధన కలదు. ఆ నిబంధనను చూపి మేము దరఖాస్తును త్రోసివేసితిమి. త్రోసివేసిన కాగితముపై నా సంతకమును ఉన్నది.

కొన్నాళ్లకు ఆ బాలుడు ఉపసంఘమునకు ఒక జాబు వ్రాసెను. అందు నిందావాక్యము ఒక్కటియు లేదు. "అయ్యా, నేను చదువు మానలేదు. చదువుకొనుటకే పనిచేసితిని" అని మాత్రము ఉండెను. ఆ రెండు వాక్యములు నన్ను ఇప్పటికిని విడువకున్నవి. ఆ బాలుడు మన సాయము లేకయే, వడ్డీకి సొమ్ము తెచ్చుకొని చదువు ముగించెను. అది అతని గొప్పతనము, మనది కాదు.

పెద్దలు చదువు నిలుపుటకు భయపడుట అకారణము కాదని ముందుగా ఒప్పుకొనెదను. మనది మగ్గమును నమ్మి బ్రతికిన కులము. బడినుండి "ఈ యొక్క పండుగకు" అని పిలిపించి, కండెలు చుట్టుటకు కూర్చుండబెట్టిన పిల్లవాడు తిరిగి బడికి పోకుండుట మన యిండ్లలో ఎన్ని తరములు చూచితిమి! ఒక నెల రెండు నెలలయ్యెను. రెండు నెలలు జీవితమయ్యెను. చేతికి కూలిడబ్బు తగిలిన పిల్లవానికి పుస్తకము చేదగునని మన తాతలు అనెడివారు. వారు అనుభవముచే అనిన మాట అది. కావున "నాన్నా, ఒక యేడు ఆగెదను" అని కుమారుడు అనగానే తండ్రి గుండె ఝల్లుమనుటలో వింత లేదు.

కాని ఆ భయమునకు లోబడి మనము రెండు వేర్వేరు సంగతులను ఒకటిగా చూచుచున్నాము. చదువు విడిచిపోవుట వేరు. చదువును నిలిపి తిరిగి వచ్చుట వేరు. ఈ భేదమును మనకు ఎవరును బోధింపనక్కరలేదు. మగ్గముపై పడుగుపోగు తెగినప్పుడు నేతగాడు ఏమి చేయును? నాడెను ఆపును. తెగిన కొసను వెదకి, క్రొత్త పోగు ముక్కను ముడివేసి, అచ్చులో తీసి, బిగువు సరిచూచి, పిదప నేతకు దిగును. ఆగక నేసినవాని గుడ్డలో బారుపొడుగున సందు పడును. ఆ చీరను షావుకారు గిరవాటు వేయును. ఆగినవానిని మనము సోమరి అనము, పనివాడు అందుము. మగ్గముపై ఎరిగిన ఈ ధర్మమును పిల్లల చదువుపట్ల ఏల మరచితిమి?

పిల్లలు చదువు నిలుపుటకు కారణములు ముఖ్యముగా మూడు కనబడుచున్నవి. మొదటిది లేమి. దానిని గూర్చి చెప్పియుంటిని. రెండవది అలసట. ఆరవ తరగతినుండియే పరీక్షాపత్రములతో సావాసము చేసి, ఇంటర్మీడియెటు రెండేండ్లు తెల్లవారుజామునుండి రాత్రివరకు కూర్చున్న చోటనే కూర్చుండి చదివిన బిడ్డకు కళాశాలలో చేరునప్పటికి మనస్సు ఎండిపోయి ఉండును. అట్టి బిడ్డ ఆగెదననిన అది సోమరితనము కాదు. వైద్యునికి చూపవలసిన సంగతియు కావచ్చును. మూడవది దారి తప్పిన యెన్నిక. పదునేడేండ్ల ప్రాయమున, ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకును చూచి, మేనమామ చెప్పిన శాఖలోనో, పొరుగింటివాని కుమారుడు చేరిన శాఖలోనో మనము బిడ్డను చేర్చుచున్నాము. రెండేండ్లు గడచినపిదప ఆ బిడ్డకు ఇది తన దారి కాదని తోచినచో, ఆ మాట చెప్పుటకు మన యింటిలో చోటు ఉన్నదా? చోటు లేనందుననే తప్పిన పరీక్షలను దాచుట, ఇంటికి రాకుండుట, అంతకంటె ఘోరమైన పనులకు పాల్పడుట జరుగుచున్నది. ఆ ఘోరమును నోట పలుకుటకు నాకు మనసొప్పదు. ఈ సభలో దానిని ఎరుగనివారు లేరు.

ఇచట నొక విడ్డూరమును మీకు మనవి చేసెదను. వైద్యకళాశాలలో సీటు రాలేదని ఇంటర్మీడియెటు ముగిసిన బిడ్డను "లాంగ్ టర్మ్" అను పేర నొక యేడు, అదియు చాలకున్న రెండవ యేడు శిక్షణాలయమున ఉంచుచున్నాము. అందులకు అప్పు చేసియైనను రుసుము కట్టుచున్నాము. దానిని ఎవరును విరామము అనరు. సంబంధము మాటలాడువారును తప్పు పట్టరు. అదే బిడ్డ ఒక యేడు తన చేతితో సంపాదించి, లోకమును చూచి, చదువునకు తిరిగి వచ్చినచో "నడుమ ఏల ఆగెను?" అని ముక్కున వ్రేలు వేసికొందుము. సొమ్ము పోయిన యేడు గౌరవము, సొమ్ము వచ్చిన యేడు అగౌరవమా? వ్యాపారమెరిగిన పెద్దలు ఈ లెక్కను ఒకమారు సరిచూడవలెను.

ఆగి నడచినవారిలో మహనీయులు కలరు. శ్రీనివాస రామానుజన్ పేరు వినని విద్యార్థి లేడు. ఆయన 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరెను. గణితముతప్ప తక్కినవాటిపై దృష్టి నిలువక వేతనమును పోగొట్టుకొనెను. 1905లో ఇంట చెప్పక వెడలి, మన విశాఖపట్టణమునకు వచ్చి కొన్నాళ్లు ఉండెను. పిదప మదరాసులో పచ్చయ్యప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్షలో కృతార్థుడు కాలేదు. 1912లో మదరాసు పోర్టు ట్రస్టు కచేరిలో నెలకు 30 రూపాయల గుమాస్తాగా కుదిరెను. 1913లో మదరాసు విశ్వవిద్యాలయము ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధన వేతనము ఇచ్చెను. 1914లో కేంబ్రిడ్జికి పోయెను; 1916లో అచట పట్టమును, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందెను.

ఈ కథలో మన పోషకులు ప్రత్యేకముగా గమనింపవలసిన భాగము వేరొకటి కలదు. పట్టము లేక, ఉద్యోగము లేక, నోటుపుస్తకమును చంకబెట్టుకొని తిరుగుచున్న కాలమున ఆ యువకుడు నెల్లూరు కలెక్టరుగా ఉండిన ఆర్. రామచంద్రరావుగారిని దర్శించెను. గణితాభిమానియైన ఆయన యువకుని పనిని చూచి, నెలకు 25 రూపాయలు తన సొంత సొమ్మునుండి కొంతకాలము ఇచ్చుచు వచ్చెను. "నీవు ఎఫ్.ఏ. తప్పితివి గదా" అని ఆయన వాకిలి మూసియున్నచో ఏమి జరిగియుండునో ఆలోచింపుడు.

మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి వినుడు. 1895లో భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పి మూడవమారు నెగ్గెను. మదరాసు వైద్యకళాశాలలో చదివి, ఖద్దరు ధరించిన కారణమున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.యస్. కు బదులు దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.యస్. పట్టముతో వెలికి వచ్చెను. పిదప మదరాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించుచు, తన ముందుదారిని ఆలోచించుకొనెను. తరువాత అమెరికాలోని హార్వర్డునకు పోయి చదువు మరల మొదలిడెను. అచట కడుపు నింపుకొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను ఎత్తు పని చేసెను. ఆ చేతులే పిమ్మట వైద్యశాస్త్రమునకు అమూల్యములగు ఔషధములను అందించినవి. ఆయన ప్రయాణమునకు మామగారు సొమ్ము కూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థ సాయము చేయుటకు అంగీకరించెను. పేదయింట పుట్టి రంగూనులో వ్యాపారముచే ధనమార్జించిన ఒక దాత వ్రాసిపోయిన ధర్మము, ఆ దాత ఎన్నడును చూడని యువకునికి అక్కరకు వచ్చినది. ధర్మనిధి యనగా ఇట్లు ఉండవలెను.

టంగుటూరి ప్రకాశము పంతులుగారు సైతము ముందుగా రాజమహేంద్రవరమున వకీలుగా పనిచేసి, పురపాలకసంఘ అధ్యక్షులుగా ఉండి, ముప్పదియేండ్లు దాటినపిదప 1904లో ఇంగ్లండునకు పోయి బారిస్టరు చదువు చదివి 1907లో తిరిగి వచ్చిరి. చదువునకు వయసు మీరుట యనునది లేదని దీనివలన తేలుచున్నది.

వీరు మహాపురుషులు, ఆగినవారందరు ఇట్టివారగుదురని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పుట పిల్లలను మోసగించుట. ఆగి, ఆగినచోటనే ఉండిపోయినవారు వేలకొలది కలరు. వారి పేర్లను ఎవరును వ్రాయలేదు. రామానుజనునకును సుబ్బారావుగారికిని ఒక విషయమున పోలిక కలదు. వారు తొట్రుపడినప్పుడు ఎవరో ఒకరు వాకిలి తెరచియుంచిరి. ఆగినవాడు తిరిగి వచ్చుటయు రాకుండుటయు కొంత వాని పట్టుదలపైనను, కొంత ఆ తెరచిన వాకిలిపైనను ఆధారపడియుండును.

ఇక నేటి నియమముల సంగతి. తల్లిదండ్రులు వీనిని ఎరిగియుండుట అవసరము. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానము నడుమ నిష్క్రమించుటకును, మరల ప్రవేశించుటకును మార్గమును సూచించినది. దాని ప్రకారము మొదటి యేడు ముగించినవానికి సర్టిఫికెటు, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు డిగ్రీ, నాలుగేండ్లకు ఆనర్సు డిగ్రీ ఈయదగును. 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను ఏర్పాటుచే విద్యార్థి గడించిన క్రెడిట్లు వాని పేర జమయై, గరిష్ఠముగా ఏడేండ్లవరకు చెల్లును. అయితే ఇది అన్ని కళాశాలలలోను, అన్ని కోర్సులలోను ఒక్క తీరున అమలులో లేదు. కావున పత్రికలో చదివితిమని ధైర్యపడక, తమ విశ్వవిద్యాలయపు నియమావళిని అడిగి చూడవలెను.

ఇంజనీరింగు కోర్సు నాలుగేండ్లది. దానిని ఎనిమిది విద్యాసంవత్సరములలో ముగింపవలెనని జె.ఎన్.టి.యు. నియమములు చెప్పుచున్నవి. కాకినాడ జె.ఎన్.టి.యు. నియమావళిలో, సొంత వ్యాపారసంస్థను స్థాపింపగోరు ప్రతిభావంతులగు విద్యార్థులకు ఒక యేడు విరామము ఇచ్చుటకును, దానిని రెండేండ్లవరకు పొడిగించుటకును, ఆ కాలమును గరిష్ఠ గడువులో లెక్కింపకుండుటకును వీలు కల్పింపబడినది. మంచిదే. సంస్థ స్థాపించుటకు ఆగువానికి గౌరవముండగా, తండ్రి అప్పు తీర్చుటకు ఆగువానికి ఏల ఉండరాదు? ఆ ప్రశ్న విశ్వవిద్యాలయములను అడుగుటకు ముందు మనలను మనము అడుగుకొనవలెను.

జాగ్రత్తలు కొన్ని చెప్పెదను. బోధనారుసుముల తిరిగి చెల్లింపు పథకముచే చదువు బిడ్డలు నడుమ ఆగుటకు ముందే, తిరిగి వచ్చిన యేడు ఆ సాయము అందునో అందదో సంక్షేమశాఖ కార్యాలయమున విచారింపవలెను. ఆ సాయమునకు నూటికి 75 హాజరు నిబంధన కలదు. చెప్పక మానివేసిన నెలలు పిదప మెడకు చుట్టుకొనును. ప్రిన్సిపాలుగారికి దరఖాస్తు వ్రాసి, అనుమతిని కాగితముపై పుచ్చుకొనవలెను. బదిలీపత్రమును తొందరపడి తీసికొనరాదు. అది తీసికొనిన సీటు వదలుకొనినట్లు కావచ్చును. మిగిలిన పరీక్షలున్నచో ఆ యేటనే వ్రాయవచ్చునేమో అడుగవలెను. తిరిగి అదే కళాశాలకు పోలేనివారికి దూరవిద్య కలదు. 1982లో స్థాపింపబడి, నేడు డాక్టరు బి.ఆర్. అంబేద్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేర నడచుచున్న సంస్థయు, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమును పనిచేయుచు చదువుకొనువారికొరకే పుట్టినవి.

విద్యార్థి సోదరులతో ఒక మాట. ఆగిన యేడు ఊరక గడుపు యేడు కారాదు. ఇంట మంచముపై పండుకొని చేతిఫోను చూచుచు నెలలు పుచ్చువాడు విరామము పుచ్చుకొనుట లేదు. చదువును కొంచెము కొంచెముగా వదలుచున్నాడు. కూలియైనను, గుమాస్తాగిరియైనను, జీతము వచ్చు పనిలో చేరుము. జీతములో కొంత ఇంటికి, కొంత రాబోవు చదువునకు వేరుపరచుము. పనిచోట నీపైవారు ఏ చదువుచే ఆ స్థానమునకు వచ్చిరో అడిగి తెలిసికొనుము. నీకు ఇష్టమైన పని ఏది, చేతనైన పని ఏది, అన్నము పెట్టు పని ఏది యని నెలకొకమారు కాగితముపై వ్రాసికొనుము. తిరిగి చేరవలసిన తేదీని మొదటనే నిశ్చయించి తల్లిదండ్రులకు చెప్పుము. ఆ తేదీయే నీకును, వారికిని నడుమ ఒప్పందము. యేడు తిరుగునప్పటికి పాత కోర్సు తగదని తేలినచో, వేరు కోర్సునో, చేతిపనినో ఎన్నుకొనుట ఓటమి కాదు. తెలియక నాలుగేండ్లు పోగొట్టుకొనుటకంటె, తెలిసి ఒక యేడు వెచ్చించుట మేలు.

ఆడబిడ్డల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. మగపిల్లవాడు ఆగిన అది విరామము. ఆడపిల్ల ఆగిన అది సంబంధములు చూచుటకు ముహూర్తమగుచున్నది. "ఎటులను ఇంటనే ఉన్నది గదా" అను నొక్క మాటతో ఆమె చదువు ముగిసిపోవుచున్నది. ఇందుచేతనే ఎంత అలసినను, ఎంత కష్టమైనను, ఆగెదనని చెప్పుటకు మన కుమార్తెలు జంకుచున్నారు. ఈ సభలోని తల్లులను చేతులు జోడించి వేడుచున్నాను. బిడ్డ తిరిగి చేరెదనని చెప్పిన తేదీవరకు పెండ్లిమాట ఎత్తకుడు. మాట యిచ్చినది కుమార్తెకైనను మాట మాటయే.

తుదకు మన సంఘము చేయదగిన పనులు నాలుగు కలవు. ఒకటి: సహాయనిధి నియమావళినుండి "ఎడతెగక" అను మాటను తొలగించి, రెండేండ్లలోపు విరామము అనంతరము తిరిగి చేరిన విద్యార్థియు అర్హుడేయని వ్రాయవలెను. రెండు: మన విద్యార్థి వసతిగృహమున కొన్ని స్థానములను తిరిగి వచ్చినవారికొరకు ప్రత్యేకింపవలెను, యేడాది పనిచేసిన బిడ్డకు నగరమున మొట్టమొదట దొరకనిది తలదాచుకొను చోటు. మూడు: కర్మాగారములును, దుకాణములును, కచేరీలును గల మన పోషకులు అట్టి విద్యార్థులకు ఒక యేటి పని ఇచ్చుటకు ముందుకు రావలెను. ఇది వెట్టి కారాదు. పూర్తి జీతమును, యేడు ముగియగానే తిరిగి చదువునకు పంపు బాధ్యతయు యజమానిదే. మంచి పనివాడు దొరకెనని వానిని ఉంచుకొనుట, విత్తనపు గింజలను వండుకొని తినుటవంటిది. నాలుగు: పెద్దల ఉపసంఘమొకటి ఏర్పడి, ఆగవలెనని తలచు బిడ్డను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి, కోపతాపములు లేక మాటలాడించవలెను. పలు ఇండ్లలో కావలసినది సొమ్ముకంటె ఆ ఒక్క సంభాషణయే.

ఈ నాలుగింటిలో మొదటిదానికి సొమ్ముతో పని లేదు. ఒక మాటను కొట్టివేయుటయే. దానిని తీర్మానరూపమున ఈ మహాసభ యెదుట ప్రతిపాదించుచున్నాను. ఈ యేటి దరఖాస్తులలో నడుమ ఆగి తిరిగి వచ్చిన విద్యార్థులవి రెండు కలవు. అందొకటి ఆడబిడ్డది, ఆమె యేడాది బట్టల దుకాణమున నిలుచుండి పనిచేసి వచ్చినది. ఆ రెండు కాగితములు ఇంకను ఉపసంఘపు బల్లపైననే ఉన్నవి. మూడేండ్ల క్రిందట చేసిన సంతకమును నేను చెరపలేను. ఈ రెండింటిపై ఏమి వ్రాయవలెనో మీరు నిర్ణయింపుడు.

పడుగు ముగిసినప్పుడు నేతగాడు పాత పడుగు కొసలకు క్రొత్త పడుగును పోగుపోగునకును అతుకును. వేలకొలది ముడులు, ఓపిక గల చేతులు, ఇంటిల్లిపాది సాయము. ఆ పని జరుగునంతసేపు మగ్గము మౌనముగ ఉండును. బయటివానికి మగ్గము ఆగిపోయినట్లే తోచును. మగ్గపు ఇంట పుట్టిన మనకు మాత్రము తెలియును, క్రొత్త చీర అచటనే మొదలగుచున్నదని.